మూర్ఛ మాత్రలు పుట్టింట్లో వదిలి వెళ్తున్నారా?

పెళ్లి కుదరగానే కొన్ని ఇళ్లల్లో ఒక పని గుట్టుగా జరిగిపోతుంది. అమ్మాయి రోజూ వేసుకునే మూర్ఛ మాత్రలు సూట్‌కేసులోకి ఎక్కవు. ‘అత్తారింట్లో ఎవరి కంటయినా పడితే ఇంకేమన్నా ఉందా!’ అని తల్లి భయం. పెళ్లి హడావుడి, రెండు మూడు రాత్రులు నిద్ర లేకపోవడం, పైగా మాత్ర మానేయడం... ఫిట్స్ రావడానికి ఇంకేం కావాలి? ఏది దాచాలనుకున్నారో అదే నలుగురిలో బయటపడుతుంది.

మూర్ఛ గాలీ కాదు, దయ్యమూ కాదు. అంటువ్యాధి అంతకన్నా కాదు. మెదడు కణాల మధ్య నడిచే విద్యుత్ సంకేతాలు ఒక్కసారిగా అదుపు తప్పడమే ఇది. కాళ్లూ చేతులూ కొట్టుకోవడం, నోట నురగ రావడం అందరికీ తెలిసినవే. కొందరు మాత్రం కొన్ని క్షణాలు అలా చూస్తూ ఉండిపోతారంతే. పుట్టినప్పుడు ప్రాణవాయువు అందకపోవడం, తలకు దెబ్బ, మెదడువాపు దీనికి కారణాలు కావచ్చు. బద్దెపురుగు గుడ్లు కడుపులోకి వెళ్లి మెదడులో తిత్తులు కట్టడం మన దేశంలో ఎక్కువే. చాలామందిలో కారణమే దొరకదు. అయినా మందులు సక్రమంగా వాడితే నూటికి 70 మందికి దాకా ఫిట్స్ అదుపులో ఉంటాయి.

ఒకప్పుడు హిందూ వివాహ చట్టమే మూర్ఛను పెళ్లికి అడ్డంకిగా చూసేది. 1999లో సవరణ చేసి ఆ మాట తీసేశారు. చట్టం వదిలేసినా మనవాళ్లు వదల్లేదు! సంగతి అబ్బాయికి ముందే చెప్పడం మేలు. రేపు ఫిట్స్ వచ్చినప్పుడు పక్కన ఉండేది అతనే కదా. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, గట్టిగా అదిమిపట్టడం వద్దు. తలకింద మెత్తటి బట్ట పెట్టి, ఒక పక్కకు తిప్పి, గడియారం చూసుకోవాలి. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ వచ్చినా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. గర్భిణి అయితే అయిదు నిమిషాల లెక్క పెట్టుకోకుండా వెంటనే వెళ్లాలి.

పిల్లల కోసం అనుకున్నప్పుడు ఆ మాట నెల తప్పాక కాదు, ముందే డాక్టరుతో చెప్పాలి. వాల్‌ప్రోయేట్ అనే మందు కడుపులో బిడ్డకు చేటు చేస్తుంది. దానికి బదులు వేరేవి ఉన్నాయి. ఫోలిక్ యాసిడ్ కూడా ముందునుంచే రాస్తారు. అలాగని బిడ్డకేమవుతుందోనని సొంతంగా మాత్రలు ఆపేస్తే ఫిట్స్ వచ్చి ఇద్దరికీ ప్రమాదం. కొన్ని మూర్ఛ మందులు వాడేవారికి గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయవు. ఇదీ అడిగి తెలుసుకోవాలి. కాన్పయ్యాక డాక్టరు సలహాతో చాలామంది నిశ్చింతగా చనుబాలు ఇవ్వొచ్చు. కాకపోతే రాత్రి నిద్ర చెడకుండా పాపాయిని ఒక పూట అత్తగారో, భర్తో చూసుకోవాలి. అందుకైనా ఇంట్లో అందరికీ సంగతి తెలిసుండాలిగా!