షికారు చెరువు

కిందటేడు పిట్స్‌బర్గులో మా అమ్మాయి ఇంట్లో వున్నప్పుడు, ఓ ఆదివారం మా అల్లుడు కారు తీసి "సౌత్ ఫోర్క్ చూద్దాం రండి మామయ్యా" అన్నాడు.

"ఏముందక్కడ?"

"ఒకప్పుడు చెరువు వుండేది. ఇప్పుడు లేదు."

లేని చెరువును చూడడానికి అంత దూరం ప్రయాణమా అని నవ్వుకున్నాను. వెళ్ళి చూస్తే నిజంగానే లేదు. గడ్డి మొలిచిన మట్టికట్ట మొనలు రెండు ఎదురెదురుగా నిలిచి వున్నాయి. నడుమ పెద్ద గండి. గండిలో చిన్న ఏరూ, రైలుపట్టాలూ.

72 అడుగుల ఎత్తు, 900 అడుగులకు పైగా పొడవున్న ఆ కట్టను కాలువకు నీరివ్వడానికి ప్రభుత్వమే వేసింది. 1853లో పని పూర్తయింది. తీరా రైళ్ళు వచ్చి కాలువ మూలబడింది. 1879లో పిట్స్‌బర్గు శ్రీమంతులు క్లబ్బుగా చేరి దాన్ని కొన్నారు. ఉక్కు కోటీశ్వరుడు కార్నెగీ కూడా ఆ క్లబ్బు సభ్యుడే. చేపలు పట్టడం, పడవ షికార్లు, వేసవి బంగళాలు!

చెరువు కింద పుట్టిపెరిగిన మనవాళ్ళకు తూము, అలుగు అంటే వేరే చెప్పనక్కరలేదు. అంతకుముందు యజమాని ఒకాయన తూము ఇనపగొట్టాలు పీకి పాత ఇనుముకు అమ్ముకున్నాడు. క్లబ్బువారు మళ్ళీ వేయలేదు. అంటే కట్టకు జబ్బు చేస్తే నీరు దించి చూసే దారి లేదన్నమాట. రెండు బండ్లు ఎదురైతే తప్పుకోవడానికని కట్ట నెత్తిని రెండు మూడడుగులు చెక్కి వెడల్పు చేశారు. కొని తెచ్చి వదిలిన చేపలు పారిపోకుండా అలుగుకు జల్లెడలు బిగించారు. కొట్టుకొచ్చిన చెత్త వాటికి పట్టుకుంటే నీరెటు పోవాలి? పైగా కట్ట నడుమ కాస్త కుంగి వుంది. రాతికట్ట మీదుగా నీరు పొర్లినా కొంత ఓర్చుకుంటుంది గాని, మట్టికట్ట ఓర్చుకోదు. వెనకవాలు మీద జారే నీరు మట్టిని కోసుకుంటూ పోతుంది.

దిగువన జాన్స్‌టౌన్‌లో వున్న ఇనప కర్మాగారం వారు 1880లోనే తమ ఇంజనీరును పంపి చూపించారు. తూము లేదని ఆయన రాశాడు. భయం లేదని క్లబ్బువారు జవాబిచ్చారు.

1889 మే 31. రాత్రంతా కుంభవృష్టి. పొద్దున్నుంచీ కూలీలు కొత్త అలుగు తవ్వబోయారు. నేల గట్టిది, గడ్డపార దిగలేదు. జల్లెడల చెత్త లాగబోయారు, ఆలస్యమైంది. కిందికి తంతి కబుర్లు వెళ్ళాయి గాని, ఏటేటా "కట్ట తెగుతుంది" అని విని విని జనం పట్టించుకోలేదు. మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో కట్ట తెగింది. 14 మైళ్ళ దూరానున్న జాన్స్‌టౌన్‌ను ఆ నీరు సుమారు గంటలో చేరింది. పోయిన ప్రాణాలు 2,209.

ఆ గండి దగ్గర నాకు మా వూరి నీరటి జ్ఞాపకం వచ్చాడు. చదువు లేదు. కట్ట మీద మొక్క మొలిస్తే పీకేవాడు, పందికొక్కు బొరియ కనిపిస్తే పూడ్చేవాడు. వానరాత్రి లాంతరుతో కట్ట వెనక అడుగునే తిరిగేవాడు. "తేట వూటను కనిపెట్టి వుండాలయ్యా. బురద వూట వచ్చిందా, వూరిని లేపాలి" అనేవాడు. బురద అంటే కట్ట లోపలి మట్టే కదా! ఈ మధ్య తోటల్లో, విడిదిళ్ళలో పడవల కోసం కట్టిస్తున్న చిన్న చెరువులకు అలాంటి మనిషి ఎవరున్నారో పిల్లల్ని పడవెక్కించేముందు నేనైతే అడుగుతాను.

తిరిగి వస్తూ క్లబ్బు భవనం చూశాం. ఇంకా నిలిచే వుంది. దాని వరండా ముందు ఇప్పుడు నీళ్ళు లేవు, ఇళ్ళున్నాయి.