పటం గోడెక్కింది, పాట ఎక్కడ?

కాంగో రాజధాని కిన్షాసాలో జనం పాటనీ, జనం బొమ్మనీ విడదీసి చూడలేం. మోకే అనే చిత్రకారుడు బార్లను, రుంబా పాటలకు ఆడే జనాన్ని గీశారు. 1987లో గాయకుడు ఫ్రాంకో ఎయిడ్స్‌పై హెచ్చరిస్తూ పాడారు. మరుసటి ఏడాది షేరీ సాంబా ఎయిడ్స్ ప్రచార ఊరేగింపును గీశారు. సాంబా బొమ్మ మీదే లింగాల, ఫ్రెంచి భాషల్లో మాటలు రాస్తారు. అందుకే ఆ బొమ్మ ఏ దేశం వెళ్లినా దాని విమర్శ వెంటే వెళ్తుంది.

మన దగ్గర ఈ బంధం ఇంకా పాతది. జనగామకు దగ్గర్లోని చేర్యాలలో నకాషీలు ఖాదీ బట్టకు చింతగింజల జిగురు, తెల్లసుద్ద పట్టించి, ఎర్రటి నేపథ్యంలో గజాల కొద్దీ పటాలు గీశారు. అవి గోడకు తగిలించుకోవడానికి గీసినవి కావు. కథ చెప్పేవాళ్లు గీయించుకున్నవి. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు. ఒక్కో కులానికి ఒక్కో కథ, ఒక్కో పటం. పాట నడిచే వరుసలోనే బొమ్మ నడుస్తుంది.

డక్కలివారు చెప్పే జాంబపురాణాన్నే చూద్దాం. భూమి పుట్టకముందే జాంబవుడు పుట్టాడని, దేవుళ్లకన్నా ఆయనే పెద్దని ఆ కథ అంటుంది. 'మీరు కడజాతి' అన్న మాటకు 'మేమే ఆదిజాతి' అని వాడ ఇచ్చిన జవాబు అది. అదే కథ మాదిగల పతనానికి ఆవుమాంసాన్ని కారణంగా చూపిస్తుంది. అంటే ఆత్మగౌరవమూ, పైకులాలు మోపిన నిందా ఒకే పటంలో పక్కపక్కనే ఉన్నాయి. ఏది నిలబెట్టాలో, ఏది ప్రశ్నించాలో తేల్చుకోవడం మన పని.

ఇంకో చేదు నిజం ఉంది. మాదిగల గొప్పతనాన్ని పాడే డక్కలివారిని మాదిగలే అంటరానివాళ్లుగా చూశారు. వాళ్లు వాడ చివర దిగి, కథ చెప్పి, తమ హక్కుగా వచ్చేది తీసుకుని వెళ్లిపోయేవారు. నిచ్చెనమెట్ల కులవ్యవస్థ మన వాడలోకీ వచ్చిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇవాళ చేర్యాల బొమ్మకు భౌగోళిక గుర్తింపు ఉంది, షోరూముల్లో గిరాకీ ఉంది. నకాషీల కష్టానికి అది దక్కాల్సిందే. కానీ పటం ముక్కలై చిన్న ఫ్రేముల్లోకి చేరినప్పుడు పాట బయటే ఉండిపోయింది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఒక్కరికి వచ్చిన ఆ గౌరవం డక్కలి సమాజమంతటికీ బతుకుదెరువు కాలేదు.

సాంబా బొమ్మ మీద మాటలున్నాయి. మన పటం మాటలు డక్కలి గొంతులో ఉన్నాయి. ఆ గొంతు ఆగితే మిగిలేది అలంకరణే. అందుకే కురవి, మహబూబాబాద్, జనగామ విద్యార్థులను మేం అడిగేది ఇదే: మీ దగ్గర్లో ఉన్న డక్కలి పెద్దల దగ్గరికి వెళ్లండి. కథను మొత్తం రికార్డు చేయండి. వాళ్ల అనుమతి తీసుకోండి, పేరు రాయండి, పాటకు డబ్బు ఇవ్వండి. మ్యూజియంలో పటం పెట్టినచోట పాట కూడా వినిపించాలని, పాడినవారికి వాటా దక్కాలని అడగడం కూడా కులనిర్మూలన పోరాటంలో భాగమే.