నల్లసముద్రంలో పోటీ – నూనె డబ్బాపై యుద్ధబీమా

కాకినాడ, కృష్ణపట్నం రేవుల్లో దిగే ముడి పొద్దుతిరుగుడు నూనె ధరను పంట దిగుబడిని బట్టి మాత్రమే అంచనా కట్టే రోజులు 2022 ఫిబ్రవరి 24తో పోయాయి. ఆనాడు రష్యా ఉక్రెయిన్‌పై దండెత్తింది. ఉక్రెయిన్ ట్యాంకుల్లో నూనె ఉంది, ఇక్కడ గిరాకీ ఉంది, నడుమ ఓడ కదలలేదు. యుద్ధానికి ముందు మన దేశం దిగుమతి చేసుకునే ఈ నూనెలో సింహభాగం ఉక్రెయిన్‌ది కాగా, మిగిలినదానిలో హెచ్చు భాగం రష్యాది. మార్చి నెలలో సి.ఐ.ఎఫ్. ధర టన్నుకు 2 వేల డాలర్లు దాటింది. ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులను నిషేధించడంతో బజారుకు ఆ ఆసరా కూడా తప్పింది. ఆ నిషేధం మే 23న తొలగింది గాని, నల్లసముద్రం చిక్కు అంత సులభంగా విడలేదు.

ఆ సముద్రం ఒడ్డున ఆరు దేశాలున్నాయి. బయటి సముద్రాలకు పోయే దారి మాత్రం ఒక్కటే. బాస్ఫరస్, డార్డనెల్స్ జలసంధుల గుండా సాగే ఆ దారి టర్కీ చేతిలో ఉంది. 1936 నాటి మాంట్రో ఒప్పందం ప్రకారం శాంతికాలంలో వర్తక నౌకలకు రాకపోకల స్వేచ్ఛ ఉంది. తీరదేశాలు కానివారి యుద్ధనౌకలు లోపల 21 రోజులకు మించి ఉండరాదు. 2022 ఫిబ్రవరి 28న టర్కీ ఈ ఒప్పందాన్ని అనుసరించి, సొంత స్థావరాలకు తిరిగిపోయేవి మినహా, పోరాడుతున్న ఉభయుల యుద్ధనౌకలకూ దారి మూసింది. తక్కినవారిని కూడా తమ నౌకలను పంపవద్దని కోరింది. టర్కీ, రుమేనియా, బల్గేరియాలు నాటో సభ్యదేశాలే అయినా సరుకు ఓడల వెంట కాపలాగా నాటో నౌకాదళం నడవలేదు. ఓడ యజమానికి మిగిలిన రక్షణ బీమా కాగితం ఒక్కటే.

యుద్ధం మొదలుకాక మునుపే, ఫిబ్రవరి 15న, లండన్ బీమా విపణిలోని ఉమ్మడి యుద్ధ కమిటీ ఆ జలాలను ప్రమాద ప్రాంతాల జాబితాలో చేర్చింది. జాబితాకెక్కిన ప్రాంతానికి పోయే ఓడ ప్రతి ప్రయాణానికీ అదనపు ప్రీమియం చెల్లించాలి. దాన్ని ఓడ విలువపై శాతంగా లెక్కిస్తారు. ఉదాహరణకు, 3 కోట్ల డాలర్ల ఓడపై ఒక శాతం అంటే 3 లక్షల డాలర్లు. ఆ ఓడలో 30 వేల టన్నుల నూనె ఉంటే టన్నుకు 10 డాలర్లు పడుతుంది. డాలరును 90 రూపాయలుగా వేసుకుంటే 15 కిలోల డబ్బాపై పదమూడున్నర రూపాయలు. సరుకుపై యుద్ధబీమా దీనికి అదనం. ఒక క్షిపణి రేవులో పడినంత మాత్రాన రేటు పైకి పోవచ్చు, పంటకు మాత్రం ఏమీ కానక్కరలేదు.

2022 జులై 22న ఐక్యరాజ్యసమితి, టర్కీల మధ్యవర్తిత్వంతో ఇస్తాంబుల్‌లో ఒప్పందం కుదిరి, ఒడెసా, చోర్నోమోర్స్క్, పివ్దెన్నీ రేవులు తెరచుకున్నాయి. ఆ దారిన సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నుల ఆహార సరుకులు బయటపడ్డాయి. 2023 జులై 17న రష్యా తప్పుకుంది. ఇక సరఫరా నిలిచిపోతుందని హడావిడిగా కొన్నవారి అంచనా తప్పింది. ఉక్రెయిన్ క్షిపణులకు, మనుషులు లేని పేలుడు పడవలకు వెరచి రష్యా తన నౌకాదళంలో ఎక్కువ భాగాన్ని సెవస్టోపోల్ నుంచి నొవొరొసిస్క్‌కు తరలించుకుంది. రుమేనియా, బల్గేరియా తీరాలను ఆనుకుని ఆగస్టులో ఏర్పడిన కొత్త దారి దానితో నిలదొక్కుకుంది. యుద్ధనౌకలు పెద్దగా లేని దేశం తన రేవులకు దారి తెరచుకోవడం బీమాదారులకు సైతం కొత్త పాఠమే.

అయితే నల్లసముద్రం దాటినంత మాత్రాన సరుకు వచ్చినట్టు కాదు. 2023 నవంబరు 19న హౌతీలు ఒక నౌకను పట్టుకున్నది మొదలు ఎర్రసముద్రం కూడా ప్రమాద మార్గమైంది. ఆఫ్రికాను చుట్టి వచ్చే ఓడకు వారాల ఆలస్యం, అన్ని రోజుల కిరాయి, అన్ని రోజుల బ్యాంకు వడ్డీ తప్పవు.

ఇటు కొనుగోళ్లు కూడా దిశ మార్చుకున్నాయి. 2024 నాటికి మనకు పొద్దుతిరుగుడు నూనె అమ్మేవారిలో రష్యా మొదటి స్థానానికి వచ్చింది. దీనితో రేవు మారింది గాని సముద్రం మారలేదు. పైగా ఆంక్షల కారణంగా చెల్లింపు ఏ బ్యాంకు ద్వారా నడుస్తుందన్నది ధరతో సమానమైన ప్రశ్న అయింది. సుంకం సంగతి సరేసరి. ముడి నూనెపై మూల సుంకాన్ని కేంద్రం 2024 సెప్టెంబరులో 20 శాతానికి పెంచి, 2025 మే చివరలో 10 శాతానికి తగ్గించింది. ఓడ ఆలస్యమైతే సరుకుకు ఏ సుంకం పడుతుందో ఒప్పందం నాడు తెలియదు.

సి.ఐ.ఎఫ్. అన్నంత మాత్రాన బీమా భారమంతా అమ్మకందారుదేనని నిశ్చింతగా ఉండేవారు మన రేవుల్లో ఇప్పటికీ ఉన్నారు. యుద్ధ ప్రీమియం ఒక పరిమితి దాటితే ఆ తేడాను కొనుగోలుదారు ఖాతాకు వేసే షరతు అనేక ఒప్పందాల్లో ఉంటుంది. ఆ పరిమితి ఎంత, దారి మళ్లితే అదనపు కిరాయి ఎవరిది, ఓడ గడువులోగా ఎక్కకపోతే రద్దు చేసే హక్కు ఎవరికి ఉంది అన్నవి సంతకానికి ముందే బ్రోకరును అడిగి రాతపూర్వకంగా తీసుకోవలసిన విషయాలు.