నాది లినక్స్... నాకేం భయం అనుకున్నా!

"నాది లినక్స్ బాస్. వైరస్‌లు రావు."

హాస్టల్లో రెండేళ్లపాటు నేను కొట్టిన డైలాగ్ ఇది. పాత ల్యాప్‌టాప్ నత్తలా నడుస్తుంటే ఓ సీనియర్ అందులో లినక్స్ మింట్ వేసిచ్చాడు. అప్పట్నుంచి యాంటీవైరస్‌లతో తంటాలుపడే విండోస్ బ్యాచ్‌ని చూస్తే జాలేసేది. పోయినేడాది ఓ రాత్రి ఆ గర్వమంతా దిగిపోయింది.

పరీక్షల ముందు ఓ పుస్తకం పీడీఎఫ్ కోసం వెతుకుతున్నా. ఓ సైట్‌లో 'మీరు రోబో కాదని నిరూపించుకోండి' అని వచ్చింది. టిక్ పెట్టా. సరిపోలేదట! 'టెర్మినల్ తెరిచి ఈ లైన్ పేస్ట్ చేసి, ఎంటర్ కొట్టండి' అంది. నిద్రమత్తులో కొట్టేశా. ఏమీ కాలేదు. సిస్టమ్ పాస్‌వర్డ్ కూడా అడగలేదు కదా, ప్రమాదమేం లేదులే అనుకుని పడుకున్నా.

పొద్దున్నే బాబాయి కొడుకు ఫోన్. "అన్నా, రాత్రి అర్జెంట్ అన్నావుగా, 3 వేలు వేశా. చేరాయా?"

నేనెప్పుడు అడిగాను? నా ఇన్‌స్టా నుంచి ఎవడో అడిగాడు. అవి వాడు పార్ట్‌టైమ్ చేసి దాచుకున్న డబ్బులు.

పాస్‌వర్డ్ అడక్కుండా ఇదెలా జరిగింది? తర్వాత తెలుసుకున్నా. లినక్స్ పాస్‌వర్డ్ అడిగేది సిస్టమ్ ఫైళ్ల జోలికి వెళ్లినప్పుడు. మన ఫొటోలు, బ్రౌజర్‌లో దాచుకున్న లాగిన్‌లు ఉండేది మన సొంత ఫోల్డర్‌లోనే. మనం నడిపించిన ప్రోగ్రామ్‌కి వాటిని చదివే హక్కు మామూలుగా మనతోపాటే ఉంటుంది. మనం లాగిన్ అయి ఉన్నామని గుర్తుపెట్టుకునే కుకీలు చేజిక్కితే చాలు, దొంగకి పాస్‌వర్డ్‌తో పని లేదు.

మరి 'వైరస్‌లు రావు' అనేది ఉత్త మాటేనా? పూర్తిగా కాదు. డెస్క్‌టాప్‌లో లినక్స్ వాడేవాళ్లు తక్కువ. జనం ఎక్కువున్న చోటికే దొంగలూ వెళ్తారు. పైగా ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఎక్కువగా అధికారిక స్టోర్ నుంచే వస్తుంది. కాబట్టి ముప్పు తక్కువే. కానీ తక్కువ వేరు, సున్నా వేరు.

మ్యాక్ వాళ్లూ ఇలాగే ధీమాగా ఉండేవాళ్లు. 2012లో ఫ్లాష్‌బ్యాక్ అనే మాల్వేర్ దాదాపు 6 లక్షల మ్యాక్‌లకు పాకింది. 2016 ఫిబ్రవరిలో హ్యాకర్లు లినక్స్ మింట్ వెబ్‌సైట్‌లోకే చొరబడి, డౌన్‌లోడ్ లింకు మార్చి, దొంగదారి ఉన్న కాపీని అంటగట్టారు. అదే ఏడాది మిరాయ్ అనే మాల్వేర్ లినక్స్‌తో నడిచే కెమెరాలు, రౌటర్లలో దూరింది. దానికి తాళంచెవి ఏంటో తెలుసా? కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌ని ఎవరూ మార్చకపోవడం! ఆ అక్టోబర్‌లో దాని దెబ్బకు అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి చాలామందికి అందలేదు.

2024లో ఇంకా పెద్ద గండమే తప్పింది. లినక్స్‌లో వాడే ఎక్స్‌జెడ్ అనే చిన్న టూల్‌లో ఎవరో దొంగదారి పెట్టారు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేంటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ ఆరా తీస్తే అది బయటపడింది.

'మాకు లినక్స్‌తో పనేంటి' అంటారా? మీ చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ అయితే దాని అడుగున ఉన్నది లినక్స్ కెర్నెలే. వాట్సాప్‌లో 'పెళ్లి శుభలేఖ', 'ట్రాఫిక్ చలానా' అంటూ వచ్చే ఏపీకే ఫైల్ కూడా నా టెర్మినల్ లైన్ లాంటిదే. సిస్టమ్‌ని బద్దలు కొట్టక్కర్లేదు, మనతోనే తలుపు తీయిస్తుంది.

అందుకే ఇప్పుడు నా పద్ధతి మారింది. అర్థంకాని లైన్ పేస్ట్ చేయను. అప్‌డేట్ వస్తే 'రేపు చూద్దాం' అనను. ముఖ్యమైన ఖాతాలకి రెండంచెల భద్రత పెట్టుకున్నా. అనుమానమొస్తే ముందు 'అన్ని డివైజ్‌ల నుంచీ లాగౌట్' నొక్కి, వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డ్ మారుస్తా. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. మేం చేసేసరికి ఓ పూట గడిచిపోయింది.

తమ్ముడి 3 వేలు నేనే ఇచ్చేశా. వాడు మాత్రం ఇప్పటికీ నేను మెసేజ్ పెడితే ముందు ఫోన్ చేసి, "అన్నా, నువ్వేనా?" అంటాడు. మొదట్లో నామోషీగా ఉండేది. ఇప్పుడు నేనే అంటున్నా, "అలాగే అడుగుతుండు రా" అని.