టీకా తర్వాత కన్ను ఎర్రబడితే కండ్లకలక అనుకోవద్దు

అరుదుగా వచ్చే కంటి వాపు – ఆలస్యమైతే చూపుకు ముప్పు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: టీకా వేయించుకున్న తర్వాత చేయి గుంజడం, ఒళ్లు నొప్పులు, ఒకటి రెండు రోజుల జ్వరం అందరికీ తెలిసిన సంగతే. అయితే ఎంతో అరుదుగా, ఏ కొందరికో, టీకా పడిన కొద్ది రోజులకు కంటి లోపల వాపు వస్తుందనే విషయం పల్లెల్లో చాలామందికి తెలియదు. కన్ను ఎర్రబడుతుంది. గుచ్చినట్టు నొప్పి పెడుతుంది. ఎండ వెలుతురు చూడలేరు. చూపు మసకబారుతుంది. వెంటనే కంటి డాక్టరుకు చూపిస్తే చాలావరకు చుక్కల మందుతోనే నయమయ్యే జబ్బు ఇది. నిర్లక్ష్యం చేస్తే మాత్రం చూపుకే ఎసరు వస్తుంది.

పాత వరంగల్ జిల్లా నుంచి 2016 అక్టోబర్ 11న ఏర్పడిన ఈ మూడు జిల్లాల్లో ఇంటింటికీ టీకా అనుభవం ఉంది. కరోనా టీకాలు దేశంలో 2021 జనవరి 16న మొదలైనాయి. మార్చి 1 నుంచి 60 ఏళ్లు దాటినవారికి కూడా వేశారు. అదే ఏడాది అక్టోబర్ 21 నాటికి దేశంలో వేసిన డోసులు 100 కోట్లు దాటాయి. ఇంత తక్కువ కాలంలో ఇంతమందికి టీకాలు పడినందునే ఎప్పుడో గాని కనిపించని కంటి జబ్బులు సైతం డాక్టర్ల దృష్టికి వచ్చాయి.

జబ్బు ఏమిటి?

మన కంటిగుడ్డుకు మూడు పొరలున్నాయి. పైన తెల్లపొర, లోపల చూపును పట్టే పొర, ఈ రెంటికీ నడుమ రక్తనాళాలతో నిండిన మధ్యపొర. ఈ మధ్యపొరకు వచ్చే వాపును డాక్టర్లు యువైటిస్ అంటారు. ఎక్కువమందిలో పొర ముందు భాగానికే, అంటే నల్లగుడ్డు చుట్టుపక్కలే వస్తుంది. వెనుక భాగానికి వస్తే నొప్పి అంతగా లేకుండానే చూపు తగ్గుతుంది. అందుకే వెనుక వాపు ఎక్కువ ప్రమాదకరం. ఒక్కొక్కరిలో తెల్లగుడ్డుకు గాని, కంటి నరానికి గాని వాపు రావడం కూడా డాక్టర్లు చూశారు.

టీకా పని ఒంట్లోని రక్షణ శక్తిని నిద్ర లేపడం. రోగక్రిమి నిజంగా వస్తే ఎలా ఎదుర్కోవాలో ముందే నేర్పడం. ఆ శక్తి ఎవరికో ఒకరికి దారి తప్పి సొంత కంటి మీదికే మళ్లుతుందని డాక్టర్లు అనుమానిస్తున్నారు. ఊరి కావలికి పెట్టిన మనిషి చీకట్లో ఇంటివాడినే దొంగ అనుకుని కర్ర ఎత్తినట్టన్న మాట.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

కరోనా టీకా వేసుకున్న రెండు వారాల లోపు కంటి వాపు వచ్చిన 70 మంది వివరాలను పలు దేశాల డాక్టర్లు, మన దేశం వారితో సహా, కలిసి సేకరించి ప్రచురించారు. వీరిలో 41 మందికి కంటి ముందు భాగంలోనే వాపు వచ్చింది. సగటున ఐదారు రోజులకు జబ్బు బయటపడింది. సగానికి పైగా మందికి ఇంతకు ముందు కూడా ఇటువంటి కంటి వాపు వచ్చి ఉంది. చాలామందికి చుక్కల మందే సరిపోయింది. 70 మందిలో 65 మందికి చూపు ఏమాత్రం తగ్గలేదు. మిగిలిన ఐదుగురికి కొంత తగ్గింది.

ఇది కరోనా టీకాతోనే పుట్టిన మాట కాదు. 1984 నుంచి 2014 వరకు వివిధ టీకాల తర్వాత యువైటిస్ వచ్చినట్టు నమోదైన 289 కేసులను అమెరికా డాక్టర్లు పరిశీలించారు. వాటిలో పచ్చకామెర్ల బి రకం టీకా తర్వాత వచ్చినవే ఎక్కువ. ముప్పై ఏళ్లలో వేసిన కోట్లాది టీకాల ముందు 289 అనేది ఎంత చిన్న లెక్కో పాఠకులే గ్రహించగలరు. డాక్టర్ల దాకా రాని కేసులు కొన్ని ఉన్నా, జబ్బు అరుదైనదేననడంలో సందేహం లేదు.

కాకి వాలితే తాటిపండు పడినట్టు

టీకా తర్వాత వచ్చిన ప్రతి జబ్బూ టీకా వల్లనే వచ్చిందనుకోవడం పొరపాటు. కాకి వాలగానే తాటిపండు పడితే కాకి బరువుకే పడిందంటామా? యువైటిస్ టీకా లేకుండా కూడా వస్తుంది. మన దేశంలో క్షయ వ్యాధి దీనికి ఒక ముఖ్య కారణం. కీళ్లవాతం ఉన్నవారిలోనూ వస్తుంది. కరోనా జబ్బు తర్వాత కూడా వచ్చింది. అందుకే డాక్టర్లు రక్త పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే తీయిస్తారు. “అంతా సూదిమందు వల్లనే” అని ఇంట్లో కూర్చుంటే ఒంట్లో దాగిన క్షయ బయటపడకుండా పోతుంది. కన్నూ పోతుంది, మనిషికీ ముప్పు వస్తుంది.

కండ్లకలకకు, దీనికి తేడా

కండ్లకలకలో పుసులు కడతాయి. పొద్దున లేచేసరికి రెప్పలు అతుక్కుంటాయి. దురద, మంట ఉంటాయి. ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. పుసి తుడిచేస్తే చూపు మామూలుగానే ఉంటుంది.

యువైటిస్‌లో పుసులు ఉండవు. నల్లగుడ్డు చుట్టూ ఎరుపు ఎక్కువ. లోపల నుంచి నొప్పి. వెలుతురు పడితే ఓర్చుకోలేరు. చూపు మసక. కంటి ముందు నల్లని చుక్కలు, దారపు పోగులు తేలినట్టు ఉండవచ్చు. ఇది ఇతరులకు అంటదు. రెండు కండ్లూ ఒకేసారి మసకబారి, తలనొప్పి, చెవుల్లో హోరు కూడా ఉంటే మరింత తొందరపడాలి. కంటి లోపలి వాపును టార్చిలైటు వేసి తేల్చడం సాధ్యం కాదు. కంటి డాక్టరు దగ్గరుండే స్లిట్ ల్యాంప్ అనే పరికరంతో చూడవలసిందే.

సొంత వైద్యం వద్దు

కన్ను ఎర్రబడగానే ఆకు పసరు, ఆముదం, చనుబాలు పోయడం కొన్ని ఊళ్లలో ఇంకా ఉంది. మందుల దుకాణంలో అడిగి స్టెరాయిడ్ చుక్కలు తెచ్చుకోవడం అంతకన్నా ప్రమాదం. యువైటిస్‌కు డాక్టర్లు ఇచ్చేది స్టెరాయిడ్ చుక్కలే అయినా అన్ని ఎర్రకండ్లకూ అది మందు కాదు. వరి కోతల్లో వడ్ల గింజో, ఆకు కొసో తగిలి నల్లగుడ్డు మీద బూజు పుండు పడిన రైతు అవే చుక్కలు వేసుకుంటే పుండు ముదిరి కన్ను పోతుంది. అవసరం లేకుండా నెలల తరబడి వాడితే శుక్లాలు వస్తాయి. కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు కూడా వస్తాయి. యువైటిస్ అని తేలినవారు కూడా నొప్పి తగ్గిందని మధ్యలో మానరాదు. డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

ఎక్కడికి పోవాలి?

ముందుగా ఊళ్లోని ఆశా కార్యకర్తకు గాని, ఏఎన్ఎంకు గాని చెప్పాలి. ఏ టీకా, ఏ రోజు పడిందో తెలిపే కార్డు దగ్గర ఉంచుకోవాలి. టీకా తర్వాత వచ్చిన ఇబ్బందులను నమోదు చేసి పైకి పంపే ఏర్పాటు ప్రభుత్వంలో ఉంది. ఆపైన ఆలస్యం చేయకుండా కంటి డాక్టరును చేరుకోవాలి. వరంగల్‌లో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆస్పత్రి ఉంది. మహబూబాబాద్, కేసముద్రం, డోర్నకల్ వారికి రైలు వసతి ఉంది. భూపాలపల్లి వారు పరకాల మీదుగా రావచ్చు. జనగామ వారికి ఇటు వరంగల్, అటు హైదరాబాద్ రెండూ అందుబాటే. హైదరాబాద్‌లో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆస్పత్రి, ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి ఉన్నాయి. గతంలో యువైటిస్ వచ్చినవారు టీకాకు ముందే తమ కంటి డాక్టరును అడగడం మేలు.

టీకా మానితే అసలు నష్టం

ఈ సంగతులు విని పిల్లల టీకాలు మానిపించే తల్లిదండ్రులు ఒక్కటి గుర్తుంచుకోవాలి. టీకాలు కాపాడిన కండ్ల ముందు ఈ అరుదైన వాపు ఎంత? ఒకనాడు పోచమ్మ సోకిందని భయపడిన మశూచి ఎందరినో చంపింది, బతికినవారిలో ఎందరినో గుడ్డివారిని చేసింది. టీకాలతోనే అది 1977లో దేశం నుంచి, 1980లో ప్రపంచం నుంచి పోయినట్టు ప్రకటించారు. తట్టు సోకిన బలహీనపు పిల్లలకు నల్లగుడ్డు కరిగి చూపు పోతుంది. గర్భిణికి రుబెల్లా సోకితే బిడ్డ కంటిలో శుక్లంతో పుట్టవచ్చు. ఈ రెంటికీ కలిపి వేసే టీకా 9 నెలలు నిండగానే ఉంది. దాంతోపాటు కంటికి మేలు చేసే ఎ విటమిన్ చుక్కలు కూడా పోస్తారు.

2018లోనూ, 2023లోనూ కంటివెలుగు శిబిరాలు ఊరూరా జరిగాయి. అద్దాలు పంచారు. టీకా వేసే రోజున ఏఎన్ఎంలు “కన్ను ఎర్రబడి చూపు మసకబారితే వెంటనే చెప్పండి” అని ఒక్క మాట జోడిస్తే ఖర్చు లేకుండా కొన్ని కండ్లు నిలుస్తాయి. గంగారం, కొత్తగూడ, పలిమెల వంటి మారుమూల మండలాల తండాల్లో, గూడేల్లో ఈ మాట చేరేలా వైద్య అధికారులు శ్రద్ధ వహించవలసి ఉంది.