కెనడా గవర్నర్లు - మన పూర్వులు

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమందలి పార్సిప్పనీలో తెలుగువారు చాలామంది ఉన్నారు. వారిలో అధికులు ఆంధ్ర, తెలంగాణల నుండి నేరుగా వచ్చినవారు. మేము మారిషస్ మీదుగా వచ్చిన చెరకుతోట కూలీల సంతతివారము. ఈ మధ్య మా మనుమడు బడి పని నిమిత్తం పందొమ్మిదవ శతాబ్దపు కెనడా ప్రముఖుల జీవితాలు చదువుతూ, "తాతయ్యా, వీళ్ళతో మనకేమి సంబంధం?" అని అడిగాడు. సంబంధం ఉన్నది. దానిని పాఠకులకు మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆనాడు బ్రిటిషు ప్రభుత్వం ఒకే మనిషిని ఒక వలస రాజ్యం నుండి మరొకదానికి గవర్నరుగా పంపుతూ ఉండేది. అందువల్ల కెనడా గ్రంథాలలోని పేర్లే తోటల చరిత్రలోనూ కనిపిస్తాయి. ముగ్గురిని చూద్దాం.

మొదటివాడు చార్లెస్ మెట్కాఫ్. 1835లో భారతదేశంలో పత్రికలకు స్వేచ్ఛ ఇచ్చినవాడు. తరువాత జమైకాను పాలించి 1843లో కెనడా చేరాడు. పత్రికలకు స్వేచ్ఛ ఇచ్చిన ఆయనే, అక్కడ మంత్రుల మాటకు కట్టుబడి నడవడానికి ఒప్పుకోలేదు.

రెండవవాడు ఎల్గిన్ ప్రభువు. కెనడాలో బాధ్యతాయుత ప్రభుత్వాన్ని నిలబెట్టాడు. 1849 ఏప్రిల్ 25న ఒక బిల్లుపై సంతకం చేసినందుకు మాంట్రియల్‌లో అల్లరి మూకలు ఆయన బండిపై గుడ్లు విసిరి, శాసనసభా భవనాన్ని తగులబెట్టాయి. అంతకుముందు ఆయన జమైకా గవర్నరు. 1845 మే 10న భారతీయ కూలీల మొదటి ఓడ ఆ ద్వీపం చేరినది ఆయన హయాంలోనే. చివరకు భారతదేశానికి వైస్రాయిగా వచ్చి 1863లో ధర్మశాలలో కన్నుమూశాడు.

మూడవవాడు ఆర్థర్ గార్డన్. మనకు ముఖ్యుడు. 1861 నుండి 1866 వరకు న్యూబ్రన్స్‌విక్‌ను పాలించాడు. సముద్రతీర రాజ్యాలు మాత్రమే ఏకం కావాలని మొదట కోరినా, లండన్ ఆజ్ఞ మేరకు కెనడా సమాఖ్యకు తోడ్పడ్డాడు. తరువాత ట్రినిడాడ్, 1871లో మారిషస్.

అప్పుడు మారిషస్‌లో ఒప్పందం తీరిన పాత కూలీలను సైతం, చీటీ చూపకపోతే దిమ్మరులని పోలీసులు పట్టుకునేవారు. అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోట నిర్వాహకుడు వారి పక్షాన మహజరు రాశాడు. 9,401 మంది దానిలో చేరారు. ప్లెవిట్జ్‌ను దేశం నుండి వెళ్ళగొట్టమని తోటల యజమానులు పట్టుబట్టినా గార్డన్ ఒప్పుకోలేదు. 1872లో రాజ విచారణ సంఘం ఏర్పడింది. దాని నివేదిక 1875లో వెలువడింది.

ఇంతటి న్యాయబుద్ధి గలవాడే ఆ తరువాత ఏమి చేశాడు? ఫిజీ గవర్నరై, అక్కడి ఆదివాసుల భూమినీ గ్రామ జీవనాన్నీ కాపాడడానికి, తోట పనికి భారతీయులను రప్పించాడు. 1879 మే 14న లియోనిడాస్ ఓడ ఫిజీ చేరింది. 1903 నుండి మద్రాసు ఓడలలో తెలుగువారూ వెళ్ళారు. ఒకరి నేలను కాపాడడానికి మరొకరి చెమట ధారపోయించాడు. తోటల కష్టం ఆయన ఎరగనిది కాదు, మారిషస్‌లో కళ్ళారా చూచినదే.

అందుచేత కెనడా పుస్తకంలో గార్డన్ కథ సగమే. మిగిలిన సగం మన ఇళ్ళలో ఉన్నది. అయితే ఆయన జీవితం అచ్చులో ఉన్నది. ఆ 9,401 మంది జీవితాలు లేవు. మా ముత్తాతను గురించి మాకు మిగిలినది ఒక సంఖ్య, ఒక తోట పేరు, అపభ్రంశమైన ఇంటిపేరు. అంతే. మనుమనికి అవే చెప్పాము. "ఇంతేనా?" అన్నాడు.

మారిషస్‌లో మోకా వద్దనున్న మహాత్మాగాంధీ సంస్థలో వలస కూలీల రిజిస్టర్లు భద్రంగా ఉన్నవి. పాఠకులు తమ పెద్దల పేర్లను అక్కడ వెదకించాలి. ఇంటిలో వృద్ధులు చెప్పే మాటలను ఇప్పుడే రాసి ఉంచాలి. గవర్నర్ల చరిత్రను వారి దేశాలు రాసుకున్నవి. మనవారి చరిత్ర మనమే రాసుకోవాలని విన్నవించుకుంటున్నాము.