అస్థుల సాక్ష్యము

భూమిని త్రవ్వి అస్థిపంజరమును వెలికిదీసిన పిమ్మట, అది పడియుండిన తీరు మరల కానరాదు. కావుననే మానవశాస్త్రజ్ఞులు ఒక్కొక్క పొరను తొలగించునపుడెల్ల, కొలబద్దను, ఉత్తరదిక్కును జూపు బాణపుగుర్తును ప్రక్కనుంచి ఛాయాచిత్రము దీయుదురు. పారదర్శకమగు ఫిలిముపై నిలిచిన యట్టి చిత్రమే స్లైడు. దీపకాంతిచే నది తెరపై పెద్దదియై కనబడును.

అర్జెంటీనాదేశమున 1976 మొదలు 1983 వఱకు సైనికప్రభుత్వము వేలకొలది జనులను మాయము చేసెను. తరువాత సమాధులను యంత్రములతో త్రవ్వుటచే ఎముకలు విఱిగి కలిసిపోయెడివి. 1984లో అమెరికా శాస్త్రజ్ఞుడు క్లైడ్ స్నో అచ్చటి విద్యార్థులకు క్రమముగా త్రవ్వుట నేర్పెను. 1985లో సేనానుల విచారణయందు ఆయన స్లైడులను న్యాయస్థానమున జూపి, తుపాకిగాయమును వివరించెను. ఆ డిసెంబరులో జనరల్ విడేలాకు యావజ్జీవ కారాగారశిక్ష విధింపబడెను.

చంపబడినవారు తమ కథను చెప్పుకొనజాలరు. వారి పక్షమున స్లైడులు చెప్పెను. విద్యార్థులారా! చూచినదానిని చూచినట్లు గుర్తించి యుంచుటయు సత్యసేవయే.